ఒక్కసారే పిలిచిన గొంతు

రెండు వేల ఇరవై మూడు, ఆగస్టు నెల. భద్రాచలం దాటి అడవి దారి పట్టినంక చెట్ల మధ్యన ఒక మిషన్ దవాఖానా ఉంటది. దాని పేరు, ఊరి పేరు మీకెందుకు లెండి. వాళ్ళు మంచోళ్ళు, నా మూలంగ నలుగురి నోళ్ళల్ల పడొద్దు. ఆ దవాఖానా సర్వర్ చూసుకునేది నేనే. ఖమ్మంల ఉంట. చిన్న చిన్న దవాఖానాలకు, బడులకు, సొసైటీలకు సర్వర్లు చూసుకునుడే నా బతుకుదెరువు. పుట్టి పెరిగింది ఇల్లందుల, మా నాయిన బొగ్గుబాయిల పనిచేసిండు. రోజూ చీకట్లకు దిగే మనుషుల ఇంట్ల పుట్టినదానికి భయం తక్కువ, నోరు ఎక్కువ అని మా చుట్టాలంతా అంటరు. రెండోది నిజమే. మొదటిది కూడా నిజమే అనుకున్న, ఆ ఆగస్టు దాక.

సర్వర్ అంటే ఏందో గొప్పది ఊహించుకోకండి. ఆ దవాఖానల అది మందుల స్టోరు పక్కన, ఫ్యాను కింద పెట్టిన ఒక నల్ల డబ్బా. దానికి మౌసు లేదు, బొమ్మలు లేవు. నల్ల తెర మీద అక్షరాలు టైప్ చేసి పని చెప్పాలె. దాన్నే కమాండ్ లైన్ అంటం. అందుల నడిచే సాఫ్ట్‌వేర్ అంతా ప్యాకేజీలుగ, అంటే మూటలు కట్టి వస్తది. ఆ మూటలు తెప్పించేందుకు, మార్చేందుకు, తీసేసేందుకు ఒక ప్యాకేజీ మేనేజర్ ఉంటది. తెలివైన కిరాణా గుమాస్త అనుకోండి. పప్పు అడిగితే పప్పుతోటి ఊకోడు, పోపుకు కావలసినయి కూడా తెచ్చి పెడతడు. పాతబడ్డ మూటలను అప్పుడప్పుడు అప్‌గ్రేడ్ చెయ్యకపోతే దొంగలు దూరే సందులు మిగుల్తయి. నేను ఆ నెల అక్కడికి పోయింది ఆ అప్‌గ్రేడ్ పనికే.

ఆ డబ్బా చేసే పనుల్ల ఒకటి, పేర్లు పిలుసుడు. వచ్చినోళ్ళు కౌంటర్ల కార్డు ఇస్తే పేరు కొడతరు. ఆ పేరు పోయి వరసల నిలబడతది. ఆ వరసను క్యూ అంటం. వంతు వచ్చినప్పుడు హాల్ల ఉన్న స్పీకర్ల నుంచి పేరు వినపడతది. మనిషి గొంతు కాదు, అక్షరాలను చదివి పలికే ఇంకో ప్యాకేజీ. పిలిచిన మనిషి లేచి వస్తే కౌంటర్ల 'వచ్చిన్రు' అని ఒక బటన్ నొక్కుతరు. అది నొక్కితేనే పేరు వరసల నుంచి పోతది.

అప్‌గ్రేడ్ నడుస్తుంటే మధ్యల ఆగి నన్నొక ప్రశ్న అడిగింది. ఈ సెట్టింగుల ఫైలును ఇదివరకు ఎవరో చేతితోటి మార్చిన్రు, వాళ్ళది ఉంచాల్నా, కొత్త మూటల వచ్చింది పెట్టాల్నా అని. ఈ ప్రశ్న మా పనిల మామూలే. నాకంటె ముందు ఈ సర్వర్ చూసినాయన మార్చి ఉంటడు. ఎందుకు మార్చిండో ఒక్క ముక్క రాసి పెట్టలే. పాత సెట్టింగులు కొత్త వర్షన్‌కు పొసగక మొరాయించుడు నేను చానాసార్లు చూసిన. కొత్తదే పెట్టు అని, అవుననే వై అక్షరం నొక్కిన. పాత ఫైలు పక్కన దాచిపెట్టి, కొత్తదాంతోటి సర్వర్ బుద్ధిగ లేచింది. గొంతు కూడా మారింది. పాతది ముక్కుతోటి మాట్లాడేది. కొత్తది మెత్తగ, లోతుగ, చివరి అక్షరాన్ని జర సాగదీసి పలికింది. మంచిగనే ఉన్నది అనుకుని బస్సెక్కిన.

కొన్ని రోజులకే ఫిలోమినా సిస్టర్ ఫోన్ చేసింది. ఆ దవాఖానల పెద్ద నర్సు ఆమెనే, కౌంటర్ కూడా ఆమె చేతుల్లనే ఉంటది.

"రూతమ్మా, నువ్వొకసారి రావాలె."

"ఏమైంది సిస్టర్, సర్వర్ ఆగిందా?"

"ఆగలే. ఆగితే బాగుండు."

"మరి ఏంది?"

"చచ్చిపోయినోళ్ళను పిలుస్తుంది" అన్నది.

నేను నవ్విన. నవ్వి, ఒకే పేరు గలోళ్ళు పది ఊళ్ళల్ల ఉంటరు సిస్టర్, మీరు గూడ ఇట్ల మాట్లాడితే ఎట్ల అని జర కోపం గూడ చేసిన. ఆమె వాదించలే. "వచ్చి చూడు" అని ఫోన్ పెట్టేసింది. వాదించకపోతే నాకు నచ్చదు. తెల్లారే బయలెల్లిన.

నేను పోయేసరికి వాన పట్టి ఉన్నది. పొద్దెక్కినా హాల్ అంతా మబ్బు కమ్మినట్టు ఉన్నది. అడవి పల్లెల నుంచి వచ్చినోళ్ళు బెంచీల మీద, కింద, గోడల పొంటి కూసున్నరు. అంతమంది ఉన్న హాల్ల మామూలుగ సంతంత చప్పుడు ఉంటది. ఆ రోజు దగ్గు తప్ప ఏం వినపడలే. నేను సర్వర్ కాడికి పోకుండ వాళ్ళ మధ్యనే కూసున్న, సంగతేందో చూద్దామని.

గొంతు ఒక పేరు పిలిచింది. ఎవ్వరు లేవలే. జరసేపటికి దవాఖానల ఊడ్చి తుడిచే ఆయమ్మ వచ్చి అదే పేరు నోటితోటి పిలిస్తే, నా పక్కన కూసున్న పెద్దమనిషే లేచిండు. నాకు మండింది.

"ఏం పెద్దాయన, స్పీకర్ల పిలిస్తే వినపడలేదా?"

"వినపడ్డది."

"మరి లేవలేదేంది?"

"ఒక్కసారే పిలిచింది గద" అన్నడు, నాకు తెలియనందుకు జాలిపడ్డట్టు చూసి పోయిండు.

ఆ తర్వాత ఇంకో పేరు, ఇంకో పేరు. బతికున్న మనుషులు తమ పేర్లు విని, తల వంచుకుని, ఊపిరి బిగబట్టి కూసుంటుండ్రు. గొంతు ఒక్కసారి పిలుస్తుంది, ఊకుంటది. ఎవరూ ఒకరి మొకం ఒకరు చూసుకోరు. అప్పుడు "అడమయ్య" అని పిలిచింది. హాల్ల ఇద్దరు ముగ్గురు చెప్పులు చేతులల్ల పట్టుకుని లేచి బయటకు పోయిన్రు. వెనక బెంచి మీది నుంచి ఒక ముసలామె మెల్లగ లేచి కౌంటర్ కాడికి నడిచింది.

"ఆయన రాలే. నేనొచ్చిన. ఏమన్న కబురు ఉన్నదా?" అని అడిగింది.

సిస్టర్ ఆమె చెయ్యి పట్టుకుని "కబురేం లేదు భీమమ్మ అవ్వా, కూసో" అన్నది. నా దిక్కు తిరిగి చిన్నగ చెప్పింది. అడమయ్య ఆమె పెనిమిటి. పోయిన ఎండాకాలం ఆ చివరి వార్డులనే కాలం చేసిండు.

అంతల ఒక ఆమె తడిసిన బిడ్డను కొంగు కింద పెట్టుకుని గుమ్మం ఎక్కింది. పేరు ఉంగమ్మ, వాగు అవతలి గూడెం. బిడ్డ పేరు నాగమణి, ఏడెనిమిదేండ్లుంటయి. సికిల్ సెల్ అంటరు, ఒంట్ల రక్తం నిలవని జబ్బు. నెలకోసారి రక్తం ఎక్కించుకపోవాలె. ఆ రోజు ఆ పిల్ల కోసం రక్తం సీసా భద్రాచలం నుంచి తెప్పించి ఫ్రిజ్‌ల పెట్టి ఉంచిన్రు. పిల్ల పెదవులు తెల్లగ పాలిపోయినయి. ఉంగమ్మ ఇంక కార్డు బయటకు గూడ తియ్యలే. కౌంటర్ దాక రాలే.

"నాగమణి" అన్నది గొంతు.

పిల్ల మొకం ఎత్తింది. పిలిచింది నన్నే గద అన్నట్టు నోరు తెరిచింది. తల్లి అరచెయ్యి ఆ నోటి మీద ఠక్కున పడ్డది. అట్లనే, నోరు మూసిన చెయ్యి తియ్యకుండ, బిడ్డను ఎత్తుకుని వెనక్కి వెనక్కి నడిచి వానల దిగింది. సిస్టర్ "ఉంగమ్మా, ఆగు" అని ఉరికింది. అప్పటికే ఆటో ఎక్కిన్రు. నేను పెట్టిన ప్యాకేజీనే, నేను మెచ్చుకున్న గొంతే. అయినా ఆ తల్లి స్థానంల నేనుంటే నేను గూడ అట్లనే ఉరుకుదును.

డాక్టర్ బయటకు వచ్చి సంగతి విని నెత్తి పట్టుకున్నడు. "పొద్దుగూకే లోపల ఆ పిల్లకు రక్తం ఎక్కాలె. వాన ఇట్లనే కొడితే సాయంత్రానికి వాగు పొంగుతది, ఆ తర్వాత రమ్మన్నా రాలేరు" అన్నడు. దవాఖానా జీపు మందుల కోసం పోయింది, వచ్చేసరికి మధ్యాహ్నం అయితది. "ఆ లోపల నువ్వు దాని నోరు మూయించు రూతమ్మా" అన్నది సిస్టర్.

"ఇన్ని రోజులు బంద్ పెట్టకపోయిన్రా?"

"స్పీకర్ వైరు పీకినం. పీకినంక జనం ఇంక భయపడ్డరు. లోపల పిలుస్తనే ఉన్నదట, మనకే వినపడ్తలేదట అన్నరు. మళ్ళ పెట్టినం."

సర్వర్ ముందు కూసున్న. క్యూల ఏముందో చూపియ్యమని కమాండ్ కొట్టిన. ఆ రోజు వచ్చినోళ్ళ పేర్లు కొన్నే. వాటి వెనక ఇంకో వరస ఉన్నది, తెర నిండి పైకి పోతనే ఉన్నది. అన్నిటి పక్కన 'హోల్డ్' అని, అంటే పిలవకుండ ఆపి పెట్టినట్టు ఉన్నది. అడమయ్య ఉన్నడు. నాగమణి ఉన్నది.

"సిస్టర్, వీళ్ళంతా ఎవరు?"

ఆమె తెర దిక్కు చూడలే. "పోయినోళ్ళు" అన్నది. "వార్డుల పోయినోళ్ళు, లాభం లేదని ఇంటికి తీసుకపోయినోళ్ళు. డిలీట్ నొక్కితే అది అడుగుతది, ఖాయంగ తీసెయ్యాల్నా అని. నేనెవర్ని అవునని చెప్పనీకి? హోల్డ్ పెడత. ఇక్కడ అందరం గట్లనే చేస్తం."

నాగమణి గూడ పోయిన ఏడు అట్ల హోల్డ్‌ల పడ్డదే. జ్వరం వచ్చి స్పృహ లేకుండ ఉన్నప్పుడు, ఖమ్మం తీసుకపొమ్మంటే ఇంటోళ్ళు గూడెం తీసుకపోయిన్రు. ఇగ రాదనుకుని సిస్టర్ హోల్డ్ పెట్టింది. నెలలు గడిచినంక పిల్ల నడుచుకుంట వచ్చింది. ఆ సంతోషంల కొత్త కార్డు రాసిన్రు. పాత పేరును ఎవరూ ముట్టుకోలే.

పాత సెట్టింగుల ఫైలును, కొత్తదాన్ని పక్క పక్కన పెట్టి తేడా చూపే కమాండ్ ఒకటి ఉంటది. కొట్టిన. రెండే గీతలు, అంటే రెండు లైన్లే తేడా. పాతదాంట్ల, హోల్డ్‌ల ఉన్న పేర్లను ముట్టొద్దు అని ఉన్నది. కొత్తదాంట్ల, జవాబు రాని ఏ పేరునైనా నడుమ నడుమ మళ్ళ పిలువు అని ఉన్నది. యంత్రం తప్పేం లేదు. జవాబు రానోళ్ళను పిలువమన్నరు, పిలుస్తుంది. రెండో గీత, పేరును ఎన్నిసార్లు పలకాలె అని. పాతదాంట్ల మూడు, కొత్తదాంట్ల ఒకటి.

"ఆ మూడు నేనే పెట్టియ్యమన్న" అన్నది సిస్టర్. "ఒక్కసారి పిలిస్తే ఇక్కడ ఎవరు పలకరు."

అప్పుడు నాకు మా అమ్మ యాదికి వచ్చింది. ప్రార్థన తప్పని మనిషి. అయినా వాకిట్ల నుంచి ఎవరన్న పేరు పెట్టి పిలిస్తే, మొదటి పిలుపుకు మమ్ముల పలకనిచ్చేది కాదు. గాలీ ధూళీ అయితే ఒక్కసారే పిలిచి పోతది, మనిషైతే మళ్ళ పిలుస్తడు అనేది. చదువుకున్ననని నేను మర్చిపోయిన. ఆ మూడును చెరిపి ఒకటి పెట్టి, పైన కొత్త గొంతు తగిలించి, పోయినోళ్ళ వరసను తెరిచి, అడవి పల్లెల నడుమ స్పీకర్ల వదిలిపెట్టిన. తెలిసి చెయ్యమన్నా అంత బాగ చెయ్యలేకపోదును.

రెండు గీతలు పాతయి పెట్టి, పేర్లు పిలిచే సర్వీసును మళ్ళ లేపిన. గొంతు గూడ పాత ముక్కు గొంతే ఉండాలని ఆ ప్యాకేజీని వెనకటి వర్షన్‌కు దించిన. దాన్ని డౌన్‌గ్రేడ్ అంటం. ఇగ పరీక్ష చెయ్యాలె, దానికొక పేరు కావాలె. ఆయమ్మను అడిగితే చీపురు తీసుకుని పోయింది. కాంపౌండర్ తనకు అర్జెంటు పని ఉన్నదన్నడు. "నీ పేరు కొట్టుకో" అన్నది సిస్టర్. భోజనాల యాళ్ల, హాల్ ఖాళీగ ఉన్నది. నా పేరే కొట్టి పోయి బెంచి మీద కూసున్న.

"రూతు" అన్నది స్పీకర్. ఎదురుంగ ఖాళీ బెంచీలు, బయట వాన. నేనే కొట్టిన పేరు, నేనే సరిచేసిన డబ్బా. అయినా నా గొంతు లేవలే. రెండోసారి పిలిచింది. మూడోసారి పిలిచినంక "ఆఁ" అన్న.

జీపు రాంగనే సిస్టర్, నేను ఎక్కినం. వాగు నీళ్ళు జీపు చక్రాలను సగం ముంచుతున్నయి. డ్రైవర్ "జల్దీ రావాలె, ఎక్కువసేపు ఆగలేను" అన్నడు. ఉంగమ్మ ఇల్లు గూడెం చివరన. తలుపుకు అడ్డంగ ఆమె కూసున్నది. లోపల మంచంల పిల్ల. దాని చెవులకు గుడ్డ చుట్టి ఉన్నది, పిలుపు వినపడకుండ.

నేను మొదలుపెట్టిన. అది కరెంటు మీద నడిచే డబ్బా అమ్మా, నేనే దాన్ని మార్చిన, నేనే మళ్ళ బాగుచేసిన, భయం లేదు అన్న. ఉంగమ్మ అంతా విన్నది.

"డబ్బా అయితే పోయినోళ్ళ పేర్లు దానికెట్ల ఎరుక?" అన్నది.

సిస్టర్ ఆ తడి నేల మీదనే ఆమె ఎదురుంగ కూసున్నది.

"నేను చెప్పిన దానికి. పోయినోళ్ళ పేర్లన్నీ నేనే దాంట్ల పెట్టిన. నీ బిడ్డ పేరు గూడ పెట్టిన."

"బతికున్నదాన్నా?"

"అప్పుడు దాన్ని మీరు ఆటోల తీసుకపోతుంటె చూసిన ఉంగమ్మా. బతుకుతదనుకోలే."

ఉంగమ్మ సిస్టర్ మొకం దిక్కు చూసింది. తిడతదనుకున్న, కొట్టినా కొడతదనుకున్న.

"నేను గూడ అనుకోలే సిస్టరమ్మా" అన్నది. అని కొంగు నోట్ల కుక్కుకుని ఏడ్చింది. సిస్టర్ గూడ ఏడ్చింది. నేను జీపు దిక్కు తిరిగి నిలబడ్డ, నాకు ఎవరి ముందర ఏడవబుద్ధి కాదు.

కళ్ళు తుడుచుకుని ఉంగమ్మ లేచింది. "ఆ పోయినోళ్ళల్ల నుంచి దీన్ని బయటకు తీసుకరా. అప్పుడు సూది పెట్టనిస్త" అన్నది. డిలీట్ చేస్త అన్న. "చెరపొద్దు. బిడ్డ పేరు చెరుపుతరా ఎవరన్న?" అన్నది. చెరపకుండ ఎట్ల తీస్తవో తియ్యి అని, పిల్లను దుప్పట్ల చుట్టి జీపెక్కింది. దారంతా నేను అదే ఆలోచిస్తున్న. వాగు దాటినంక తట్టింది. క్యూల నుంచి పేరు పోనీకి చెరుపుడొక్కటే దారి కాదు. పిలిస్తే పలికి, లేచి వచ్చినా పోతది.

దవాఖానల పిల్లను మొదలు మంచం మీదికి తీసుకపోదామంటే ఉంగమ్మ ఒప్పుకోలే, హాల్ల బెంచి మీద ఒళ్ళె కూసోబెట్టుకున్నది. నేను లోపలికి ఉరికి, ఆ వరసల ఉన్న పాత పేరు ఒక్కదాన్నే హోల్డ్ నుంచి విడిపించిన. సిస్టర్ కౌంటర్ల నిలబడ్డది. డాక్టర్ గుమ్మంల నిలబడ్డడు.

"నాగమణి" అన్నది ముక్కు గొంతు. ఉంగమ్మ చెయ్యి పిల్ల నోటి మీదికి పోయింది. ఎవ్వరం కదల్లే. నాకైతే ఇగ పిలవదనే అనిపించింది.

"నాగమణి."

తల్లి కళ్ళు మూసుకున్నది.

"నాగమణి."

ఉంగమ్మ మెల్లగ చెయ్యి తీసింది. పిల్ల తల్లి దిక్కు చూసి, "ఉన్న" అన్నది. గొంతుల బలం లేదు, గాలి లెక్క వచ్చింది ఆ మాట. తల్లి ఒళ్ళె నుంచి దిగి, గోడ పట్టుకుని కౌంటర్ దాక నడిచింది. సిస్టర్ 'వచ్చిన్రు' నొక్కింది. లోపల తెర మీద ఆ వరసల నుంచి ఆ పేరు పోయింది. మిగిలినయన్ని ఎట్లున్నయో అట్లనే ఉన్నయి. ఇంక ఏ పేరూ ఆ వరసల నుంచి అట్ల పోవుడు నేను చూడలే.

రక్తం ఎక్కుతుంటే ఉంగమ్మ నన్ను పిలిచి అడిగింది.

"ఆ తక్కినోళ్ళు ఇంక అందులనే ఉన్నరా?"

"అవ్."

"పిలవకుండ?"

"పిలవకుండ."

"మంచిది. లేపకు" అన్నది.

ఇప్పటికీ ఆ సర్వర్ నేనే చూస్త. వరసను నడిపేది, గొంతు పలికేది, ఆ రెండు ప్యాకేజీలకు, నేను చెప్పిందాక కదలొద్దు అని గట్టిగ కట్టేసి పెట్టిన. ఎక్కడన్న సరే, అప్‌గ్రేడ్ మధ్యల ఆగి ఎవరిది ఉంచాలె అని అడిగితే, ఆ గీత ఎవరి కోసం రాసిన్రో తెలుసుకోకుండ వేలు పెట్టను. ఇగ ఆ దవాఖానలనైతే, తెర మీద ఎర్రర్ లేదని లేచి రాను. హాల్ల పోయి కూసుంట. ఒక పేరు పిలుస్తది, మూడోసారికి ఎవరో ఒకరు మోకాళ్ళ మీద చేతులు పెట్టి లేస్తరు, నడుచుకుంట కౌంటర్ కాడికి పోతరు. అది కళ్ళతోటి చూసినంకనే బస్సెక్కుత.